రూటెడ్ ఫోన్‌కి ఓటీఏ వచ్చింది: ఏ దారి పట్టాలి?

రూట్ చేసిన, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న ఫోన్‌లో "కొత్త అప్‌డేట్ అందుబాటులో ఉంది" అని ఓటీఏ (ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఫోన్‌కే వచ్చే కంపెనీ అప్‌డేట్) నోటిఫికేషన్ పడగానే మా నల్లగొండ పిల్లలు అడిగే మాట ఒకటే: "అన్నా, కొట్టాల్నా, ఆపాల్నా?" దీనికి మోడల్ పేరు చూసి జవాబిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ముందు అడిగేది వేరు. ఫోన్‌పే, బ్యాంకు యాప్, ఓటీపీలు వచ్చే సిమ్ అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయా? లోపలి డేటా మొత్తం పోయినా తట్టుకోగలవా? ఒకటే ఫోన్‌తో కిరాణా కొట్టు నడిపే మనిషికీ, పాత రెడ్‌మీ మీద ప్రయోగాలు చేసే డిగ్రీ పిల్లాడికీ ఒకే సలహా పనికిరాదు. మోడల్ సంగతి ఆ తర్వాత.

అసలు అప్‌డేట్ ఎందుకు పడదు

మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్ చేసినప్పుడు మారేది బూట్ ఇమేజ్, అంటే ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే భాగం ఉన్న ఫైలు. ఆండ్రాయిడ్ 13తోనో, ఆ తర్వాతి వెర్షన్‌తోనో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో మాత్రం ఇనిట్ బూట్ అనే వేరే ఇమేజ్‌ను ప్యాచ్ చేయాల్సి (రూట్‌కి తగ్గట్టు మార్చాల్సి) వస్తుంది. పాత ఫోన్ అప్‌డేట్ అయి ఆండ్రాయిడ్ 13కి చేరితే అది ఈ లెక్కలోకి రాదు, దానికి బూట్ ఇమేజే.

కంపెనీ నెలనెలా పంపే ఓటీఏ మామూలుగా చిన్న ప్యాకేజీ. పాత వెర్షన్‌కీ కొత్తదానికీ ఉన్న తేడా మాత్రమే అందులో ఉంటుంది. ఆ తేడాను రాసే ముందు, పార్టిషన్‌లో (స్టోరేజ్‌లో సిస్టమ్‌కి కేటాయించిన భాగంలో) ఉన్నది కంపెనీ పెట్టిన అసలు సరుకేనా అని సరిచూసుకుంటుంది. ఆండ్రాయిడ్ 5 నుంచి ఫైళ్లను విడివిడిగా కాకుండా పార్టిషన్‌నే మొత్తంగా బ్లాకుల వారీగా సరిచూడటం మొదలైంది కాబట్టి ఒక్క చోట మార్పున్నా పట్టుబడుతుంది. మీ బూట్ మారి ఉంది, లెక్క కుదరదు, "ఇన్‌స్టలేషన్ ఫెయిల్డ్" అని ఆగిపోతుంది. ఫోన్‌కి ఏమీ కాలేదు. టెన్షన్ పడి ఏదో ఒక ఫైలు డౌన్‌లోడ్ చేసి ఫ్లాష్ కొట్టడం (సిస్టమ్ మీద నేరుగా రాసేయడం) మొదలుపెడితేనే ఏదైనా అవుతుంది.

ఫుల్ ప్యాకేజీ అని ఇంకొకటి ఉంటుంది. అది పాతదాన్ని సరిచూడదు, మొత్తం కొత్తగా రాసేస్తుంది. రూట్ పోతుంది, సరిగ్గా వేస్తే డేటా ఉంటుంది. షావోమీ అప్‌డేటర్ అయితే ఫోన్ రూట్ అయిందని గమనించి తానే ఫుల్ ప్యాకేజీ దించుకుంటుంది. కింద చెప్పే దారులన్నీ ఈ రెండు రకాల ప్యాకేజీల తేడా మీదే నడుస్తాయి.

ఫోన్‌లోనే పని ముగించే దారి

ఇది ఏ/బీ స్లాట్లున్న ఫోన్లకు మాత్రమే. ఆండ్రాయిడ్ 7తో, 2016లో మొదటి పిక్సెల్ ఫోన్లలో ఈ ఏర్పాటు వచ్చింది. సిస్టమ్‌కి రెండు స్లాట్లు ఉంటాయి. ఒక గదిలో కాపురం ఉంటూ పక్క గదికి సున్నం వేయించి, ఆరాక అందులోకి మారినట్టు, ఒక స్లాట్ మీద ఫోన్ నడుస్తుంటే అప్‌డేట్ రెండోదాంట్లో పడుతుంది. రీస్టార్ట్ చేస్తే కొత్తదాంట్లో లేస్తుంది. కొత్తది లేవకపోతే కొన్నిసార్లు ప్రయత్నించి పాత స్లాట్‌కే తిరిగి వస్తుంది. ఈ ఒక్క గుణం వల్లే నేను దీన్ని కొత్తవాళ్లకు ముందుగా చెబుతాను.

మీ ఫోన్‌కి ఏ/బీ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. మ్యాజిస్క్ యాప్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే "ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్" అనే ఆప్షన్ కనపడాలి. కనపడకపోతే ఈ దారి మీది కాదు.

ఉంటే వరుస ఇదీ. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్‌ను ముందుగానే ఆఫ్ చేసి ఉంచుకోవాలి, లేకపోతే ఏదో ఒక రాత్రి దానంతటదే అప్‌డేట్ వేసుకుని పొద్దున రూట్ లేకుండా లేస్తుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు మ్యాజిస్క్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి "రిస్టోర్ ఇమేజెస్" ఎంచుకోవాలి. పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసేది దాని పక్కనే ఉంటుంది, అది నొక్కొద్దు. ఇప్పుడు అసలు బూట్ ఇమేజ్ తన చోటికి వచ్చింది, కానీ మ్యాజిస్క్ ఇంకా మెమరీలో నడుస్తూనే ఉంది. రీస్టార్ట్ చేయకుండా సెట్టింగ్స్‌కి వెళ్లి ఓటీఏ ఇన్‌స్టాల్ చేయాలి. అది పూర్తయి "రీస్టార్ట్" బటన్ చూపిస్తుంది. చెయ్యి అక్కడే ఆగాలి. మళ్లీ మ్యాజిస్క్‌లోకి వచ్చి "ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్" నొక్కి, ఆ పని ముగిశాక మ్యాజిస్క్ లోపలి నుంచే రీబూట్ చేయాలి.

తొందరపడి సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ నొక్కేస్తే కొంప మునిగేదేమీ లేదు. కొత్త వెర్షన్ వస్తుంది, రూట్ ఉండదు. దాన్ని తిరిగి పెట్టుకోవడానికి పీసీ కావాలి, అంతే.

"స్టాక్ బ్యాకప్ లేదు" అని మ్యాజిస్క్ చెబితే రిస్టోర్ జరగదు. స్టాక్ అంటే కంపెనీ ఇచ్చిన అసలుది, ఆ ఇమేజ్ కాపీ దాని దగ్గర లేదని అర్థం. అప్పుడు చిన్న ఓటీఏతో కుస్తీ పట్టొద్దు, తర్వాతి దారికి వెళ్లండి.

కొత్త ఫోన్లలో ఉండేది వర్చువల్ ఏ/బీ. ఇందులో రెండో స్లాట్‌కి పూర్తి స్థలం కేటాయించి ఉండదు, అప్‌డేట్ కోసం మీ స్టోరేజ్‌లోంచే కొంత వాడుకుంటుంది. పెళ్లి వీడియోలతో ఫోన్ నిండి ఉంటే మధ్యలోనే ఆగుతుంది. రీస్టార్ట్ అయ్యాక కూడా వెనకాల కొత్త సిస్టమ్‌ను అసలు చోట్లో కలిపేసే విలీనం పని కాసేపు సాగుతుంది. ఆ కాసేపు ఫాస్ట్‌బూట్‌లోకి (పీసీ నుంచి ఫోన్‌లోకి ఫ్లాష్ చేసే మోడ్‌లోకి) వెళ్లి ఏదీ ఫ్లాష్ చేయొద్దు.

పీసీ దారి

నా మటుకు నాకు నమ్మకం ఎక్కువ దీని మీదే. పని ఎక్కువ, కానీ ఏ మెట్టులో ఏం జరుగుతోందో కళ్లకు కనిపిస్తుంది. ఫుల్ ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే పూర్తి సిస్టమ్ ప్యాకేజీ) దించుకోవాలి, అందులోని బూట్ లేదా ఇనిట్ బూట్ ఇమేజ్‌ను మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేయాలి, ఫర్మ్‌వేర్ వేశాక ప్యాచ్ చేసిన ఇమేజ్‌ను ఫాస్ట్‌బూట్‌లో ఫ్లాష్ చేయాలి. బిల్డ్ నంబర్ అక్షరం తేడా లేకుండా కలవాలి. పోయిన నెల బూట్ ఇమేజ్‌ను ఈ నెల సిస్టమ్ మీద వేస్తే లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అలా జరిగితే అదే బిల్డ్‌కి చెందిన స్టాక్ బూట్ ఫ్లాష్ చేస్తే చాలా సందర్భాల్లో మళ్లీ లేస్తుంది. అందుకే స్టాక్ ఇమేజ్‌ను ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లో దాచుకోకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇక్కడ నుంచి కంపెనీని బట్టి కథ మారుతుంది.

పిక్సెల్ అన్నిటికన్నా సుఖం. గూగుల్ ఫ్యాక్టరీ ఇమేజ్‌లు తానే ఇస్తుంది, బ్రౌజర్‌లోనే నడిచే ఫ్లాష్ టూల్ ఇస్తుంది. అందులో డేటా వైప్ చేసే టిక్కు, బూట్‌లోడర్‌ను (ఏ సిస్టమ్‌ను లేవనివ్వాలో చూసే మొదటి ప్రోగ్రామ్‌ను) లాక్ చేసే టిక్కు రెండూ తీసేశామో లేదో చూసుకుని మొదలుపెట్టాలి. వెనక్కి వెళ్లే ఆశ మాత్రం పెట్టుకోవద్దు: 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6 వరుస ఫోన్లలో పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లకుండా బూట్‌లోడర్‌లోనే అడ్డుకట్ట వేశారు.

షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లు మన వైపు చాలా చేతుల్లో ఉంటాయి కాబట్టి వాటి గురించి గట్టిగా చెప్పాలి. వీటిని పీసీ నుంచి ఫ్లాష్ చేసే మీఫ్లాష్ టూల్ అడుగున మూడు ఆప్షన్లుంటాయి: అంతా తుడిచేది, యూజర్ డేటా ఉంచేది, అంతా తుడిచి లాక్ కూడా చేసేది. టూల్ తెరవగానే ఎంపికై ఉండేది సాధారణంగా ఈ మూడోదే. చూసుకోకుండా ఫ్లాష్ నొక్కితే డేటా పోతుంది, బూట్‌లోడర్ లాక్ అవుతుంది. చైనాలో అమ్మిన ఫోన్ మీద గ్లోబల్ రోమ్ (బయటి దేశాల కోసం చేసిన సిస్టమ్) వేసి లాక్ చేస్తే "సిస్టమ్ ధ్వంసమైంది" అనే అర్థం వచ్చే మెసేజ్ చూపించి ఆగిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు తమ ఫోన్ ఏ దేశానిదో ముందు తేల్చుకోవాలి. మళ్లీ అన్‌లాక్ చేయాలంటే షావోమీ అనుమతి, నిరీక్షణ అన్నీ మొదటి నుంచి, ఆ గడువు చాలా ఫోన్లకు 168 గంటలు. ఇన్ని కష్టాలూ ఒక్క టిక్కు మార్క్ దగ్గర తప్పుతాయి.

శాంసంగ్ పూర్తిగా వేరే లోకం. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి స్టాక్ కానిది ఫ్లాష్ చేసినప్పుడే నాక్స్ (శాంసంగ్ సెక్యూరిటీ వ్యవస్థ) ఫ్యూజ్ కాలిపోతుంది. అది మళ్లీ అతకదు. సెక్యూర్ ఫోల్డర్, శాంసంగ్ వాలెట్‌లో చెల్లింపులు ఇక శాశ్వతంగా పోయినట్టే, స్టాక్‌కి తిరిగి వచ్చినా రావు. ఓటీఏ కూడా రాదు. అప్‌డేట్ అంటే విండోస్ పీసీలో ఓడిన్ అనే ఫ్లాష్ టూల్ ఒక్కటే దారి. ఫర్మ్‌వేర్ జిప్‌లో బీఎల్, ఏపీ, సీపీ, సీఎస్‌సీ, హోమ్ సీఎస్‌సీ అని ఫైళ్లుంటాయి. ఏపీ ఫైలును మొత్తంగా ఫోన్‌లోకి కాపీ చేసి మ్యాజిస్క్‌లో ప్యాచ్ చేసి, వెనక్కి పీసీలోకి తేవాలి. తెచ్చేటప్పుడు మామూలుగా కేబుల్ పెట్టి ఫోల్డర్ తెరిచి లాగొద్దు, పెద్ద ఫైళ్లు ఆ దారిలో చెడిపోతాయని మ్యాజిస్క్ తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. పీసీలో కమాండ్లతో నడిచే ఏడీబీ టూల్‌తో తెచ్చుకోవాలి. ఓడిన్‌లో ప్యాచ్ చేసిన ఏపీ పెట్టి, సీఎస్‌సీ గడిలో హోమ్ సీఎస్‌సీ పెడితే డేటా ఉంటుంది. ఉత్త సీఎస్‌సీ పెడితే ఫోన్ కొత్తదానిలా ఖాళీగా లేస్తుంది.

పైన ఏ/బీ ఫోన్లకు చెప్పిన రిస్టోర్ ఇమేజెస్‌ను శాంసంగ్‌లో చేయనే కూడదు. రూట్ ఉన్న శాంసంగ్‌లో బూట్ ఒక్కదాన్నీ స్టాక్‌కి తెస్తే ఫోన్ లేవకుండా పోవచ్చు. అప్పుడు ఓడిన్‌తో అంతా తుడిచి మళ్లీ వేయడం తప్ప మార్గం ఉండదు. ఒకరి వీడియో చూసి ఇంకొక కంపెనీ ఫోన్ మీద చేయొద్దని మొత్తుకునేది ఇందుకే.

కస్టమ్ రోమ్

కస్టమ్ రోమ్ అంటే ఫోన్ కంపెనీ కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్. కంపెనీ చేతులెత్తేసిన ఫోన్‌కి ఇదే మంచి దారి. మూడేళ్ల కిందటి సెక్యూరిటీ ప్యాచ్‌తో ఉన్న ఫోన్‌ని రూట్ చేసి వాడటం కన్నా, దానికి అధికారికంగా మద్దతున్న లీనియేజ్ ఓఎస్ వేసుకోవడం మేలని నా అభిప్రాయం. సయనోజెన్‌మాడ్ అనే పాత కస్టమ్ రోమ్ మూతపడ్డాక 2016 డిసెంబరులో అదే కోడ్ మీద మొదలైన ప్రాజెక్టు ఇది. సెట్టింగ్స్‌లోనే దాని సొంత అప్‌డేటర్ ఉంటుంది. ప్రతి బిల్డ్‌తో పాటు దానికి సరిపోయే బూట్ ఇమేజ్ కూడా డౌన్‌లోడ్ పేజీలోనే దొరుకుతుంది కాబట్టి రూట్ మళ్లీ పెట్టుకోవడానికి ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు.

కానీ మొదటిసారి వేసేటప్పుడు డేటా మొత్తం పోతుంది. కంపెనీ కెమెరా యాప్ ఉండదు, ఫొటోల్లో తేడా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ పెద్ద వెర్షన్ మారేటప్పుడు అప్‌డేటర్ చాలదు, రికవరీ (ఆండ్రాయిడ్ లేవకుండానే తెరుచుకునే మెనూ) నుంచి రోమ్, దాని వెంటే గూగుల్ యాప్స్ ప్యాకేజీ వేయాలి. "అన్‌అఫీషియల్" అని రాసి ఉన్న బిల్డ్‌లతో నాకు పేచీ ఏమీ లేదు, వాటిని చేసేవాళ్లు జీతం లేకుండా చేస్తున్నారు. రోజూ వాడే ఫోన్ మీద మాత్రం వేయొద్దంటాను.

రూట్ వదిలేసి స్టాక్‌కి రావడం

రూట్ ఎందుకు చేశావని అడిగితే "అప్పట్లో యాడ్స్ పోవాలని" అనేవాళ్లకు ఇదే చెబుతాను. సెట్టింగ్స్‌లో యాడ్స్‌ను అడ్డుకునే ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెడితే చాలా యాడ్స్ రూట్ లేకుండానే పోతాయి.

బ్యాంకు యాప్‌ల వైపు నుంచి కూడా ఒత్తిడి పెరిగింది. ఫోన్ నమ్మదగ్గదేనా అని యాప్‌లు తేల్చుకునే గూగుల్ పరీక్ష, పాత సేఫ్టీనెట్ స్థానంలో వచ్చిన ప్లే ఇంటిగ్రిటీ, 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆ పై ఫోన్లలో హార్డ్‌వేర్ సాక్ష్యాన్ని అడుగుతోంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉంటే రూట్ తీసేసినా ఆ పరీక్షలో తేలిపోతారు. అందులో అన్నిటికన్నా కఠినమైన స్థాయికి గడిచిన పన్నెండు నెలల్లోపు వచ్చిన సెక్యూరిటీ ప్యాచ్ కూడా ఉండాలి. అంటే అప్‌డేట్ మానేసి కూర్చున్న స్టాక్ ఫోన్ కూడా అక్కడ నెగ్గదు. రూట్‌ని దాచిపెట్టే మాడ్యూళ్లు (మ్యాజిస్క్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) వస్తూనే ఉంటాయి, కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తూనే ఉంటాయి. డబ్బులు కదిలే ఫోన్‌లో ఆ ఆట నాకు నచ్చదు.

స్టాక్‌కి వచ్చేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు ఫుల్ స్టాక్ ఫర్మ్‌వేర్ వేసి, ఫోన్ మామూలుగా లేచి, శాంసంగ్ కాకపోతే ఒకసారి ఓటీఏ కూడా సాఫీగా పడిందని చూశాకే బూట్‌లోడర్ లాక్ చేయాలి. లోపల ప్యాచ్ చేసిన ఇమేజ్ ఉండగా లాక్ చేస్తే ఫోన్ ఇటుకే. లాక్ చేసినప్పుడు డేటా మళ్లీ ఒకసారి తుడిచిపెట్టుకుపోతుంది, దానికి సిద్ధపడాలి.

ఏమీ చేయకుండా ఆగడం

ఇది కూడా ఒక ఎంపికే, కాకపోతే దానికి గడువుండాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి 15కి మారినట్టు పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు మ్యాజిస్క్, మీరు వాడే మాడ్యూళ్లు దానికి సిద్ధమయ్యేదాకా కొన్ని వారాలు ఆగడం తెలివైన పని. నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లను మాత్రం అలా పేర్చుకుంటూ పోవద్దు. రూట్ ఉన్న ఫోన్‌లో ఒక చెడ్డ యాప్‌కి పొరపాటున అనుమతి ఇస్తే జరిగే నష్టం మామూలు ఫోన్ కన్నా ఎన్నో రెట్లు.

కరెంటు, డేటా, పంట

మన దగ్గర ఈ మూడూ చూసుకోవాలి. రోజుకి 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్ మీద ఫుల్ ఫర్మ్‌వేర్ దిగదు, శాంసంగ్ జిప్ చాలా మోడళ్లకు 5 జీబీ దాటుతుంది. మధ్యలో తెగి మళ్లీ అతికిన డౌన్‌లోడ్‌ను నమ్మి ఫ్లాష్ చేయొద్దు. ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంట్లో దించుకుని, సైటులో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు చెడిపోలేదని తేల్చే కోడ్‌తో) పోల్చి చూసుకోండి. డెస్క్‌టాప్ మీద యూపీఎస్ లేకుండా ఓడిన్ నడపొద్దు. గాలి దుమారం వస్తే దేవరకొండలోనైనా అచ్చంపేటలోనైనా కరెంటు మీ ప్రోగ్రెస్ బార్ కోసం ఆగదు. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్, డేటా తీసుకునే మంచి కేబుల్, ఫోన్‌లో సగానికి పైగా చార్జింగ్ ఉండాలి.

ఇక సమయం. పత్తి అమ్మకానికి సీసీఐ 2025లో కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది, రిజిస్ట్రేషన్, స్లాట్ బుకింగ్ అందులోనే. ఇంట్లో నాయన నంబరు మీ ఫోన్‌లోనే ఉంటే, పత్తి అమ్మే రోజుల్లో, ఐకేపీ సెంటర్లో వడ్లు కాంటా అయి డబ్బుల కోసం చూసే రోజుల్లో ఆ ఫోన్ జోలికి వెళ్లొద్దు. డేటా తుడిచాక యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, దానికి సిమ్ నుంచి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి, మొదటి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపనివ్వదు. విత్తనాలు, ఎరువులు కొనే వారంలో అది తగులుతుంది.

బ్యాకప్ గురించి పొడుగ్గా చెప్పను. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఖాతాలోని ఉచిత 15 జీబీలోకే లెక్క, అది నిండి ఉంటే బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. చివరి బ్యాకప్ తేదీ చూసుకోండి. ఫొటోలు పీసీలోకి. మాడ్యూళ్లన్నీ ఆపేసి, మ్యాజిస్క్ యాప్‌ని దాచి ఉంటే మామూలు రూపానికి తెచ్చి, అప్పుడు మొదలుపెట్టండి. అప్‌డేట్ తర్వాత ఏదో మాడ్యూల్ వల్ల లోగో దగ్గర ఆగితే సేఫ్ మోడ్‌లో ఒకసారి బూట్ చేయండి, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నీ వాటంతటవే ఆగిపోతాయి.

ఎవరికి ఏది

ఒకటే ఫోన్, అందులోనే యూపీఐ, దుకాణం క్యూఆర్ కోడ్ సౌండ్ బాక్స్ కూడా దాని మీదే ఉంటే: తీరిక దొరికిన ఆదివారం రూట్ వదిలేసి స్టాక్‌కి రండి. వేరే ఫోన్ ఉంది, ఇది ఏ/బీ ఫోన్, కంపెనీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి అంటే మొదటి దారి. శాంసంగ్ అయితే ఆలోచించేదేమీ లేదు, ఓడిన్, హోమ్ సీఎస్‌సీ. ఏ/బీ లేని పాత రెడ్‌మీకి కంపెనీ ఆఖరి ఫర్మ్‌వేర్ ఎప్పుడో ఇచ్చేసి ఉంటే లీనియేజ్ జాబితాలో దాని పేరుందేమో చూడండి. ఉంటే వేసుకోండి, లేకపోతే దాన్ని పాటలకూ వీడియోలకూ ఉంచి బ్యాంకు యాప్‌లు తీసేయండి. కస్టమ్ రోమ్ వేసుకున్నవాళ్లు యూపీఐ రెండో ఫోన్‌లో పెట్టుకోవడమే నయం.

పీసీ లేదు, చేతకాదు, షాపుకే ఇస్తానంటారా? ఇవ్వండి, తప్పేం లేదు. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలైనా, పాలమూరులోనైనా, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనైనా "సాఫ్ట్‌వేర్ కొట్టడం" అంటే ఎక్కువగా అంతా తుడిచి కొత్తగా వేయడమే. ఫోన్ చేతిలో పెట్టేముందే మూడు మాటలు చెప్పండి: ఇది రూట్ అయి ఉంది, బూట్‌లోడర్ లాక్ చేయొద్దు, డేటా ఉంచే ఆప్షన్‌తోనే వేయాలి. డేటా ఉండదని ఆయన అంటే ఆ రోజుకి ఫోన్ వెనక్కి తెచ్చుకుని ముందు బ్యాకప్ చేయండి. ఏ ఫైలు వేస్తున్నాడో బిల్డ్ నంబర్ అడిగి రాసుకోండి, తర్వాత రూట్ మళ్లీ పెట్టాలన్నా, ఏదైనా తేడా వస్తే సరిచేయాలన్నా ఆ నంబరే కావాలి. సిమ్‌లు, మెమరీ కార్డు తీసి జేబులో వేసుకున్నాకే ఫోన్ కౌంటర్ మీద పెట్టండి.